సర్కారు ఆఫీసుని అద్దె బిల్డింగ్‌లోకి మార్చేటప్పుడు

లీజు మీద సంతకం పెట్టకముందే రికార్డ్ రూమ్ సంగతి తేల్చుకోండి. ఫైళ్ల కట్ట ఒక్కటి చూస్తే తేలికే గానీ బీరువాలు వరసగా పేరిస్తే ఆ బరువు మామూలుగా ఉండదు, మామూలు ఆఫీసు ఫ్లోర్ అంత మొయ్యకపోవచ్చు, అందుకే ఎంత లోడ్ తట్టుకుంటుందో ఇంజనీర్ చేత రాయించి తీసుకోండి. కరెంటు లోడ్, లిఫ్ట్, ర్యాంపు, ఫైర్ క్లియరెన్స్ కూడా అప్పుడే అడగాలి, సంతకం అయ్యాక ఓనర్లకి తీరిక ఉండదు మరి.

ఇంటర్నెట్ లైన్‌కి అప్లికేషన్ మాత్రం అందరికంటే ముందు పెట్టేయండి, ఫర్నిచర్ రెండ్రోజుల్లో వచ్చేస్తుంది గానీ కేబుల్ రాదు.

సీటింగ్ ప్లాన్ స్టాఫ్‌కి ముందే చూపించండి. కిటికీ పక్క సీటు ఎవరికి, కేబిన్ ఎవరికి అన్న పంచాయితీ కాయితం మీదే తెగిపోవాలి, సామాను దిగాక కాదు.

ఫైళ్లు కట్టేటప్పుడు ప్రతి పెట్టెకీ నంబరు, సెక్షన్ పేరు, కొత్త గది నంబరు రెండు పక్కలా రాయండి, పైన ఒక్కచోటే రాస్తే ఒకదాని మీద ఒకటి పెట్టాక కనపడదు. పెట్టెలు లారీ ఎక్కించినప్పుడొక సంతకం, దించినప్పుడొక సంతకం రిజిస్టర్‌లో ఉండాలి. కోర్టు కేసుల ఫైళ్లు లారీలో కలపొద్దు, బాధ్యత ఉన్న మనిషి వెంట ఉండి తీసుకెళ్లాలి. సర్వర్ ఆపేముందు బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటుందో లేదో చూడండి.

జనానికి కొత్త అడ్రస్ నోటీసు పాత గేటుకి కొన్ని నెలలు ఉంచండి. పాత బిల్డింగ్ తాళాలు ఇచ్చే రోజు మీటర్ రీడింగ్, గోడల ఫొటోలు తీసి ఓనర్ సంతకం తీసుకోండి, డిపాజిట్ దగ్గర అవే పనికొస్తాయి.