ముదురు నీలి బూడిద రంగు గోడ మీద తెల్ల పొర వస్తోందా? ముందు చెమ్మ చూడండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గునుపురం వైపు మనవాళ్లు ఈమధ్య హాల్లో ఒక గోడకైనా ముదురు నీలి బూడిద రంగు వేయిస్తున్నారు. బాగుంటుంది కూడా. తేడా వస్తే మాత్రం నేరుగా పెయింటరు మీద పడతారు. గోడను ఒకసారి చేత్తో తడిమి చూసేవాళ్లు తక్కువ.

షేడ్ కార్డులో నీలం, ఇంట్లో నలుపు

వెలుతురు చాలట్లేదు, అంతే. తెల్లటి వెలుగిచ్చే ఒకే 6500 కెల్విన్ బల్బుతో సరిపెట్టకుండా, కాస్త పసుపు వెలుగిచ్చే 3000 నుంచి 4000 కెల్విన్ బల్బులు (ఈ అంకె డబ్బా మీద ఉంటుంది) రెండు వేర్వేరు చోట్ల పెట్టండి. డబ్బా కొనకముందే పెద్ద అట్ట మీద రంగు వేసి, ఆ గోడకే ఆనించి పగలూ రాత్రీ చూడండి.

రెండు కోట్లు వేసినా మచ్చలు

ముదురు షేడ్లు కలిపే బేసులో, అంటే షాపులో రంగు చుక్కలు కలిపే మూల పెయింటులో, తెల్ల పిగ్మెంటు చాలా తక్కువ. అందుకే అడుగునున్న తెల్ల ప్రైమర్ తొంగిచూస్తుంది. బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేసి ఉంటే ఈ బాధ ఉండదు. ఇప్పుడైతే మూడో కోటు వేయించండి, అదీ మూల నుంచి మూల దాకా. మచ్చ వరకే టచప్ చేస్తే అది ఇంకా బయటపడుతుంది.

కొన్ని వారాలకు గోడ అడుగున తెల్ల పొర

అందరూ మోసపోయేది ఇక్కడే. పౌడరు చల్లినట్టు ఉంటుంది. దుమ్మనుకుని తుడుస్తారు, పోతుంది. మళ్లీ వస్తుంది. రంగు వెలిసిపోయిందనుకుని ఇంకో కోటు వేస్తారు, దాని మీదా వస్తుంది.

తడిగుడ్డతో తుడవండి. తడిగా ఉన్నంతసేపు మాయమై, ఆరాక తిరిగి తేలితే అది ఉప్పు. గోడలోని నీరు ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను కరిగించి పైకి తెస్తుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ఇంతకుముందు క్రీమ్ రంగు మీద కూడా వచ్చే ఉంటుంది, తెలుపులో తెలుపు కాబట్టి ఎవరికీ కనబడలేదు.

అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు చుక్కలు పడితే నీరు గోడలోంచే వస్తోంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ.

నీరు ఎక్కడిదో పట్టుకోండి. అవతల బాత్రూమ్ ఉందా, బయట పగులుందా, పునాది నుంచి పైకి పాకుతోందా చూడండి. అది ఆపకుండా రంగు ముట్టుకోవద్దు. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే ఉబ్బి పెచ్చులూడుతుంది. నీరు ఆగాక పాడైన పూత గీకి, ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి. కడిగితే కరిగి తిరిగి గోడలోకే పోతుంది. షీటు పరీక్షలో చుక్కలు రానంతవరకు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేసి, తర్వాత రంగు వేయించండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ.

దసరాకి ముందు హడావిడిగా వేయిస్తారు కాబట్టే ఇది మన దగ్గర ఎక్కువ. అక్టోబరులోనూ వానలు వదలవు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న, సరిగ్గా దసరా రోజుల్లోనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఓపిక పట్టి సంక్రాంతికి వేయించుకోండి.

నల్లగా, ఆకుపచ్చగా చుక్కలుంటే అది బూజు, దాని మందు వేరు. డబ్బాలోనే రంగు చెడిపోవడం చాలా అరుదు. పైవన్నీ చూశాకే షాపుకి వెళ్లండి.