ఫిల్లర్ వేయించుకునే ముందు మీ ముఖాన్ని మీరు చదువుకోండి

నెల్లూరు పొగతోటలో చర్మవైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఫిల్లర్, అంటే ముఖంలో గుంటలు నింపడానికి సూదితో ఎక్కించే జెల్, కావాలని వచ్చేవాళ్లు ముందు ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. అందులో ఉండేది చాలాసార్లు పల్చటి తెల్లచర్మం, సన్నటి పెదవులు ఉన్న ముఖం. ఆ ముఖానికి సరిపోయింది మనకు సరిపోదు. మీ ముఖంలో ఏం తగ్గిందో తేలాకే ఎంత వేయాలన్న మాట.

హైలురోనిక్ యాసిడ్ మన చర్మంలో ఉండేదే, నీటిని పట్టి ఉంచుతుంది. నేను ఇక్కడ చెప్పే ఫిల్లర్ దాన్నే చిక్కబరిచిన జెల్. ఒక సిరంజిలో సాధారణంగా ఒక మిల్లీలీటరు, అంటే టీస్పూన్‌లో ఐదో వంతు. శాకాహారులు దీని పుట్టుక గురించి అడుగుతారు, అడగాల్సిందే. ఒకప్పుడు కోడిపుంజు తురాయి నుంచి తీసేవాళ్లు, ఇప్పుడు వాడేది ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసినదే. అయితే దాన్ని కరిగించే హైలురోనిడేజ్ మందు కొన్ని రకాల్లో గొర్రెల నుంచి, పశువుల నుంచి వస్తుంది. ప్రమాదం వస్తే అదే ఎక్కించాలి కాబట్టి ఈ మాట ముందే మాట్లాడుకోండి.

ఎక్కువమంది వచ్చేది కళ్లకింద నలుపుకే. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. పగటిపూట కిటికీకి ఎదురుగా, వెలుతురు నేరుగా ముఖాన పడేలా నిలబడి అద్దంలో చూడండి. నలుపు చాలావరకు పోయిందంటే అది గుంట పడిన నీడ, ఫిల్లర్ పనికొస్తుంది. పోలేదంటే వేలితో కింది చర్మాన్ని మెల్లగా పక్కకు లాగండి. అప్పటికీ గోధుమ రంగు అలాగే ఉంటే అది మచ్చ, దానికి ఎన్ని సిరంజిలు పోసినా డబ్బులు దండగ. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. అప్పుడు రంగుకు మందు ముందు, ఫిల్లర్ తర్వాత. కంటికింద పైపైన వేస్తే చర్మం నీలంగా కనబడుతుంది, చామనఛాయ కన్నా తెల్లటివాళ్లలో ఇది ఇంకా తెలిసిపోతుంది.

ఇక రంగు సంగతి. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా వైద్యుడు ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి వర్గాలు పెట్టారు. మొదట్లో గోధుమ, నలుపు చర్మాలకు అందులో చోటే లేదు, తర్వాత చేర్చారు. ఒకటి అతి తెలుపు, ఆరు అతి నలుపు. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు వర్గాలవాళ్లు. మన చర్మానికి సన్నటి ముడతలు ఆలస్యంగా వస్తాయి, చెంపలు మాత్రం ముందే జారతాయి. సూది పోటు కమిలితే నలుపు నెలల తరబడి ఉండిపోతుంది. అందుకే పోట్లు ఎంత తక్కువైతే అంత మేలు. చాలాచోట్ల మొన మొద్దుగా ఉండే సన్నటి గొట్టం (క్యాన్యులా) వాడి ఒక్క రంధ్రం నుంచే పని కానివ్వొచ్చు. చెవులు కుట్టించుకున్న చోట, ముక్కుపుడక దగ్గర కండ పెరిగి గడ్డకట్టిందా? దాచకుండా చెప్పండి. తెల్లబడటానికని మందుల షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము రాస్తున్నా చెప్పండి. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ముందు దాన్ని బాగుచేసుకోవాలి.

ముత్తుకూరు, కోట వైపు రొయ్యల చెరువుల మీద ఎండలో పనిచేసేవాళ్లకు నేను రోహిణి కార్తెలో వేయను, చల్లబడ్డాక రమ్మంటాను. పళ్లు ఊడి బుగ్గలు లోపలికి పోయిన పెద్దవాళ్లను మొదట పళ్ల డాక్టరు దగ్గరికి పంపుతాను, కట్టుడు పళ్లు పెట్టాక సగం గుంట దానంతటదే నిండుతుంది. షుగరు అదుపులో లేనివాళ్లు ఆగాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వేయను. గుండెకు ఆస్పిరిన్ లాంటి మాత్ర వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, కాస్త కమిలినా ఫర్వాలేదు. పెదవి చుట్టూ పొక్కులు వస్తుండేవాళ్లకు ముందే మాత్ర ఇవ్వాలి. సహజంగానే నిండైన పెదవులున్న ఆడపిల్లలు ఇంకా లావు చేయమంటే నేను ఒప్పుకోను.

అన్నిటికన్నా ముఖ్యమైంది రక్తనాళం మూసుకుపోవడం. అరుదే, కానీ ముక్కు, కనుబొమల మధ్య భాగం చాలా ప్రమాదకరం, కంటిచూపే పోవచ్చు. తెల్లచర్మంలో రక్తం ఆగితే పాలిపోవడం వెంటనే కనబడుతుంది, మన చర్మంలో అంత తొందరగా తెలియదు. నేను వేసిన చోట బొటనవేలితో నొక్కి వదులుతాను. రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. రెండోవైపు కూడా నొక్కి పోల్చుకుంటాను. పెదవి దగ్గరైతే లోపలివైపు తిప్పి చూస్తాను, అక్కడి ఎరుపు అబద్ధం చెప్పదు. ఇంటికెళ్లాక నొప్పి పెరుగుతున్నా, చర్మం మీద వల అల్లినట్టు మరకలు వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. చూపు మసకబారితే ఆ నిమిషమే బయలుదేరాలి.

కాబట్టి డబ్బు కట్టే ముందే “హైలురోనిడేజ్ ఇక్కడ ఉందా?” అని అడిగి, సీసా చూపించమనండి. ఇందులో మొహమాటం వద్దు. సిరంజి పెట్టె మీ ముందే విప్పాలి, దాని మీది స్టిక్కరు మీ కాగితం మీద అంటించి ఇవ్వాలి. పార్లర్లలో సూది లేకుండా పెన్నులాంటి పరికరంతో ఒత్తిడి పెట్టి ఫిల్లర్ ఎక్కించే పద్ధతికి అస్సలు ఒప్పుకోవద్దు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే దీనిమీద హెచ్చరిక చేసింది. సిలికాన్ వేస్తామంటే లేచి వచ్చేయండి, దాన్ని కరిగించే మందు లేదు.

పెళ్లికూతుళ్లు ముహూర్తానికి కనీసం నెల ముందు రండి. వేయించుకున్నాక కొన్నాళ్లు నలుగు, పసుపు, ముఖం మర్దన వద్దు. ఎండలోకి పోతే చెంగు కప్పుకోండి, సన్‌స్క్రీన్ రాయండి. రెండు వారాలకు వాపు పోయాక కనిపించేదే అసలు ఫలితం. అప్పుడొకసారి చూపించుకోండి, అప్పటిదాకా ఇంకో సిరంజి అడగొద్దు.