ఫోమ్ బాగానే పొంగింది, మరి పక్కనున్న ప్లాస్టిక్ ఎందుకు పగిలింది?

ప్లాస్టిక్ భాగం పక్కన పాలియురేథేన్ ఫోమ్ పోసిన రోజు అంతా బాగుంటుంది. కొన్ని వారాలకు ప్లాస్టిక్ మూల దగ్గర వెంట్రుకంత గీత కనపడుతుంది, తర్వాత అదే పగులవుతుంది, అందరూ కలిసి ప్లాస్టిక్ సప్లయర్ మీద పడతారు. ఫోమ్‌లో బుడగలు రావడానికి ఏ బ్లోయింగ్ ఏజెంట్ (ఫోమ్‌ని పొంగించే పదార్థం) వేశారని మాత్రం ఎవరూ అడగరు. వాటిలో కొన్ని ప్లాస్టిక్‌ని దెబ్బతీసే ద్రావకాలు కూడా.

ముందు మీ ప్లాస్టిక్ ఏమిటో తెలుసుకోండి. పాలీస్టైరీన్, హిప్స్ (దెబ్బ తట్టుకునేలా చేసిన పాలీస్టైరీన్), ఏబీఎస్ (స్టైరీన్ కలిసిన గట్టి ప్లాస్టిక్), పాలీకార్బొనేట్, యాక్రిలిక్ లాంటివాటిలో అణువులు ఒక వరస లేకుండా చిక్కుపడి ఉంటాయి కాబట్టి ద్రావకం సులువుగా మధ్యలోకి దూరుతుంది. పాలిథిలిన్, పాలీప్రొపిలిన్, నైలాన్ అంత తేలిగ్గా పగలవు, కానీ మొదటి రెండూ పెంటేన్ లాంటి హైడ్రోకార్బన్లు తగిలితే కాస్త ఉబ్బుతాయి. కొలత బిగుతుగా ఉండాల్సిన క్లిప్పులు, సీళ్ల దగ్గర అది చాలు గొడవకి.

ఇక ఏజెంట్లు. గోడల్లో ఫోమ్ నింపే ఫ్రిజ్‌లవాళ్లకు ఈ పాఠం బాగా తెలుసు. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత సీఎఫ్‌సీ-11 అనే ఏజెంట్ పోయి దాని స్థానంలో హెచ్‌సీఎఫ్‌సీ-141బి వచ్చింది. 32 డిగ్రీలకే మరుగుతుంది, వాడటం సులువు, కానీ ద్రావక గుణం ఎక్కువ కావడంతో ఫ్రిజ్ లోపలి హిప్స్, ఏబీఎస్ లైనర్లను (లోపలి గోడ పలకలను) తినేసేది. ప్లాస్టిక్ గ్రేడ్లు (అదే ప్లాస్టిక్‌లోని రకాలు) మార్చుకోవాల్సి వచ్చింది, కొన్నిచోట్ల మధ్యలో అడ్డుపొర పెట్టాల్సి వచ్చింది. ద్రావక శక్తిని పోల్చడానికి కౌరీ-బ్యూటనాల్ విలువ అని ఒకటుంది, సప్లయర్‌ని అడగండి. 141బి కి అది సుమారు 56, ఇప్పటి కొత్త తరం ఏజెంట్ హెచ్‌ఎఫ్‌ఓ-1233జెడ్‌డీ కి సుమారు 25. ఎంత తక్కువైతే అంత నయం అనుకోవచ్చు, అయితే ఇది మొదటి జల్లెడ మాత్రమే.

సైక్లోపెంటేన్ అనే హైడ్రోకార్బన్ ఏజెంట్ చాలా చోట్ల నడుస్తోంది, కానీ మామూలు హిప్స్‌ని ఇబ్బంది పెడుతుంది, పగుళ్లను తట్టుకునే గ్రేడే తీసుకోవాలి. పైగా 49 డిగ్రీలకు గానీ మరగదు, అంటే చల్లటి గోడ దగ్గర బుడగల్లోని ఆవిరి కొంత ద్రవంగా మారే అవకాశం ఉంది. 1233జెడ్‌డీ, అదే కోవలోని 1336ఎంజెడ్‌జెడ్ ప్లాస్టిక్‌ని పెద్దగా బాధించవు, కాకపోతే ఖరీదెక్కువ. వాటితో ట్రాన్స్-డైక్లోరోఎథిలీన్ కలిపిన బ్లెండ్ (మిశ్రమం) ఏదైనా మీ చేతికొస్తే ఆగండి, అది గట్టి ద్రావకం. మిథిలీన్ క్లోరైడ్ జోలికి అసలు వెళ్లొద్దు, యాక్రిలిక్ ముక్కలు అతికించడానికి వాడేది దాన్నే!

నీళ్లతో పొంగించే ఫోమ్‌లో ద్రావకం బెడద లేదు, నీళ్లు ఐసోసైనేట్‌తో (ఫోమ్ తయారయ్యే రెండు ద్రవాల్లో ఒకటి) కలిసి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది అంతే. కానీ వేడి ఎక్కువ. మందంగా పోస్తే మధ్యలో 100 డిగ్రీలు దాటిపోతుంది, ఏబీఎస్ మెత్తబడేది ఆ చుట్టుపక్కలే. పొరలు పొరలుగా పోయండి.

ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్‌నే అచ్చులో పొంగించి, ఫోమ్ చేసేవాళ్ల కష్టం వేరు. వేడికి వాయువు వదిలే అజోడైకార్బొనమైడ్ పొడి విడిపోయేటప్పుడు కొంత అమ్మోనియా వస్తుంది, పాలీకార్బొనేట్‌కి అది పడదు. పోనీ అని వంటసోడా రకానికి మారితే నీటి ఆవిరి వస్తుంది, కరిగి ఉన్న పాలీకార్బొనేట్‌కి అదీ పడదు. దానికి నైట్రోజన్ వదిలే 5-ఫినైల్‌టెట్రజోల్ లాంటివి చూసుకోవాలి.

అసలు పని పరీక్షే. ముక్కని బల్లమీద పెట్టి ద్రవంలో ముంచి "ఏమీ కాలేదు" అని రాసేస్తుంటారు, అది దాదాపు దండగ. ఎందుకంటే సాగి బిగిసి ఉన్న చోటే పగులు వస్తుంది. మీ ప్లాస్టిక్ నుంచి 2 మి.మీ. మందం పట్టీలు కోసి, 200 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపు చట్రం మీద బిగించి ఏజెంట్ తగిలేలా ఉంచండి, పై పొర 0.5 శాతం సాగుతుంది, 100 మి.మీ. వంపైతే 1 శాతం. మందాన్ని వ్యాసార్ధానికి రెండింతలతో భాగించడమే లెక్క. ఐఎస్‌ఓ 22088-3 లో ఉన్న వంపు పట్టీ పద్ధతి ఇదే. ఏజెంట్ తగలని వంచిన పట్టీ ఒకటి, తగిలిన తిన్నని పట్టీ ఒకటి పక్కన పెట్టుకోకపోతే ఫలితం దేనివల్లో చెప్పలేరు. ముందూ వెనకా తూకం వేయండి. తెల్లబడటం, గీతలు, జిగట కోసం లైటు పక్క నుంచి వేసి చూడండి. తర్వాత అసలు భాగం మీదే ఫోమ్ పోసి, చల్లదనానికీ వేడికీ మార్చి మార్చి చాలాసార్లు తిప్పండి. పెంటేన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పాకుతుంది, గాలిలో సుమారు 1.5 శాతం చేరినా అంటుకుంటుంది, అందుకని నిప్పురవ్వ వచ్చే ఏ వస్తువూ దగ్గర ఉండకూడదు. గది వేడికే మరిగేవాటిని గాజు సీసాలో మూత బిగించి పెట్టకండి, ఒత్తిడి తట్టుకునే పాత్ర కావాలి.

పట్టీలన్నీ బాగున్నా భాగం పగులుతోందా? అప్పుడు ఏజెంట్‌ని వదిలి అమైన్ క్యాటలిస్ట్‌ని (ఫోమ్ చర్యను వేగం చేయడానికి కలిపేది) అనుమానించండి. పాలియురేథేన్ ఫోమ్ నుంచి మెల్లగా బయటికొచ్చే అమైన్లు పాలీకార్బొనేట్‌ని పాడుచేస్తాయి, పీవీసీ తొడుగుల రంగు మారుస్తాయి. ఫోమ్‌లోనే అతుక్కుపోయే రకం అమైన్లు దొరుకుతాయి, అవి వాడి చూడండి.

ఏజెంటే దోషి అని తేలినా ముందు భాగంలో పదును మూలలు గుండ్రం చేయండి, మౌల్డింగ్‌లో మిగిలిన బిగువు తగ్గించండి, గ్రేడ్ మార్చండి, లేదా మధ్యలో పాలిథిలిన్ ఫిల్మ్ వేయండి. ఇవేవీ కుదరకపోతేనే ఏజెంట్ మార్చాలి, ఎందుకంటే దాంతోపాటు ఫార్ములా మొత్తం మళ్లీ సరిచూసుకోవాలి. సప్లయర్ బ్లెండ్ మార్చాడని తెలిసిన రోజు, డ్రమ్ము మీద పేరు అదే ఉన్నా సరే, పట్టీలు మళ్లీ వంచండి.