ప్యాకెట్ పట్టుకుందాం – పాఠం 4: రింగ్‌లో గడి ఎవరి చేతిలో ఉంది?

పోయిన పాఠంలో రా సాకెట్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను ఉన్నవి ఉన్నట్టు అందుకునే మార్గం) తెరిచి, రిసీవ్‌ఫ్రమ్‌తో ఒక్కో ప్యాకెట్టూ చదివాం. ట్రాఫిక్ పలచగా ఉన్నంతసేపు బాగానే నడిచింది. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టగానే ప్యాకెట్లు జారిపోవడం మొదలైంది కదా! ప్రతి ప్యాకెట్టుకీ మన ప్రోగ్రాం ఒకసారి ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌లోకి వెళ్లి రావాల్సి రావడమే దానికి ముఖ్య కారణం.

సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డును తలుచుకోండి. ఒక్కో టిక్కీ (మిర్చి బస్తా) కోసం కొట్టు గుమాస్తా గేటు దాకా నడిచి వెళ్లాలంటే పొద్దుగూకినా సరుకు దిగదు. హమాలీలు టిక్కీలను ప్లాట్‌ఫాం మీద దించేస్తే, గుమాస్తా అక్కడికక్కడే చూసుకుంటాడు. ఆ ప్లాట్‌ఫాం లాంటిదే లినక్స్‌లోని ప్యాకెట్ ఎంమ్యాప్ రింగ్. కెర్నెల్, మన ప్రోగ్రాం ఇద్దరూ చూడగలిగే ఒకే మెమరీ.

దీన్ని చాలామంది 'జీరో కాపీ' అంటారు. అది సరికాదు. కెర్నెల్ తన బఫర్ నుంచి రింగ్‌లోకి ఒకసారి కాపీ చేస్తూనే ఉంటుంది. మనకు ఆదా అయ్యేది ప్యాకెట్టుకో సిస్టమ్ కాల్, అంటే కెర్నెల్‌లోకి వెళ్లి రావడం.

కట్టే వరుస: ముందు సెట్‌సాక్‌ఆప్ట్‌తో వెర్షన్ టీప్యాకెట్ వీ2 అని చెప్పాలి, తర్వాత ఆర్ఎక్స్ రింగ్ (వచ్చే ప్యాకెట్ల రింగ్) అడగాలి, ఆపైన ఎంమ్యాప్‌ను షేర్డ్‌గా పిలవాలి. రింగ్ బ్లాకులుగా, బ్లాకు ఫ్రేములుగా విడిపోతుంది; ఒక్కో ఫ్రేములో ఒక్కో ప్యాకెట్టు పడుతుంది. చివరి ఫ్రేము అయ్యాక మళ్లీ మొదటిదానికి వస్తాం, అందుకే రింగ్. మన లెక్క ఇలా: బ్లాకు 10,48,576 బైట్లు, ఫ్రేము 2,048 బైట్లు, బ్లాకులు 64. బ్లాకుకు 512 ఫ్రేములు, మొత్తం 32,768. ఫ్రేముల సంఖ్య ఈ గుణకారంతో సరిగ్గా కుదరకపోతే కెర్నెల్ ఒప్పుకోదు. బ్లాకు పేజీ సైజుకి గుణిజంగా ఉండాలి.

ఇక అసలు విషయం. ప్రతి ఫ్రేము తలలో స్టేటస్ అనే గడి ఉంటుంది. అందులో 0 ఉంటే ఫ్రేము కెర్నెల్‌ది. చివరి బిట్ 1 అయితే మనది. మనదైతే చదవాలి, పని పూర్తయ్యాక 0 రాసి తిరిగి ఇచ్చేయాలి, పక్క ఫ్రేముకి పోవాలి. మనది కాకపోతేనే పోల్ (ప్యాకెట్టు వచ్చేదాకా ఆపి ఉంచే సిస్టమ్ కాల్) పిలిచి ఆగాలి. పోల్ ముందు స్టేటస్ చూడటం మరవకండి, లాభమంతా అక్కడే ఉంది. స్టేటస్ చదివాకే డేటా ముట్టుకోవాలి, 0 రాయడం అన్నిటికన్నా చివర జరగాలి. కంపైలరూ ప్రాసెసరూ ఈ వరుస మార్చకుండా స్టేటస్‌ను అటామిక్ అక్వైర్‌తో చదివి, రిలీజ్‌తో రాయండి.

0 రాశాక ఆ ఫ్రేము మనది కాదు. ఈ మాట నేను కష్టపడి నేర్చుకున్నాను. విజయవాడలో ఒక చిన్న ఆఫీసు నెట్‌వర్క్ కోసం డీఎన్‌ఎస్ పేర్లు (జనం అడిగే వెబ్‌సైట్ల పేర్లు) లెక్కపెట్టే ప్రోగ్రాం రాశాను. పేర్లను కాపీ చేసుకోకుండా రింగ్‌లోని వాటి అడ్రసులు మాత్రమే దాచుకుని ఫ్రేములు తిరిగి ఇచ్చేశాను. రాత్రి పరీక్షలో అంతా సవ్యంగా ఉంది. పొద్దున పదిన్నరకి జనం కూర్చోగానే ఒక పేరు సగంలో ఇంకో పేరు! రెండు రోజులు టెన్షన్‌తో పార్సర్‌ని (ప్యాకెట్టులోంచి పేర్లు విడదీసే భాగాన్ని) తిరగేశాను. తప్పు పార్సర్‌లో లేదు. రింగ్ ఒక చుట్టు తిరిగి, ఆ చోట కెర్నెల్ కొత్త ప్యాకెట్లు రాసేసింది. దాచుకోవాల్సింది ఏదైనా ఉంటే 0 రాయకముందే మీ మెమరీలోకి కాపీ చేసుకోండి.

ఎన్ని జారిపోయాయో ప్యాకెట్ స్టాటిస్టిక్స్ అనే సాకెట్ ఆప్షన్ చెబుతుంది. చదివిన ప్రతిసారీ ఆ లెక్క సున్నా అవుతుంది కాబట్టి మీరే కూడుకుంటూ పోవాలి. అందులోని మొత్తం ప్యాకెట్ల సంఖ్యలో జారినవీ కలిసే ఉంటాయి, మళ్లీ కలపకండి.

ఫ్రేములో పట్టని పెద్ద ప్యాకెట్టు వీ2లో కత్తిరించి వస్తుంది. లినక్స్ 3.2తో వచ్చిన వీ3లో బ్లాకు మొత్తం ఒకేసారి చేతులు మారుతుంది, లోపల ప్యాకెట్లు వాటి వాటి సైజుల్లో సర్దుకుంటాయి. అది వచ్చే పాఠంలో.

ఈలోపు అభ్యాసం: సాకెట్‌ను అన్ని ప్రోటోకాల్స్‌కూ తెరిచి, లూప్‌బ్యాక్‌కి (కంప్యూటర్ తనతో తనే మాట్లాడుకునే నెట్‌వర్క్ దారికి) బైండ్ చేయండి, అంటే కట్టేయండి. ప్రోగ్రాంను రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడపండి. వేరే టెర్మినల్‌లో 127.0.0.1కి 5 పింగ్‌లు పంపండి. ప్రశ్నలు 5, జవాబులు 5, కాబట్టి 10 రావాలనిపిస్తుంది. కానీ ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) ప్యాకెట్లు 20 కనిపిస్తాయి. కంగారుపడి కోడ్ మార్చకండి. లూప్‌బ్యాక్‌లో ప్రతి ప్యాకెట్టూ బయటికి పోతూ ఒకసారి, లోపలికి వస్తూ ఒకసారి మన సాకెట్‌కి దొరుకుతుంది. ఫ్రేములోని అడ్రసు వివరాల్లో ప్యాకెట్ టైప్ చూసి, బయటికి పోయేవాటిని వదిలేస్తే 10 మిగులుతాయి.