పొరుగు ఊళ్ల పొత్తు: ఒప్పందంలో ఏం రాసుకోవాలి

పక్కపక్కనే ఉన్న మూడు నాలుగు మున్సిపాలిటీలు కలిసి మురుగునీటి శుద్ధి కేంద్రమో, చెత్త యార్డో, వరద కాలువో కట్టుకుందామని కూర్చుంటే మొదటి సమావేశం ఎప్పుడూ బాగానే జరుగుతుంది. పేచీ మొదలయ్యేది రెండో ఏడు, బిల్లు చేతికి వచ్చాక. అందుకని శ్రమలో ఎక్కువ భాగం ఆ బిల్లును ఎలా పంచుకోవాలో ముందే తేల్చుకోవడానికే వెచ్చించాలి.

ఒకేసారి అన్నీ ఉమ్మడి చేయకండి. ఒక్క సమస్య తీసుకుని దాని పటం గీయండి. పటానికి హద్దు ఊరి సరిహద్దు కాదు, ఆ సమస్య పారే మేర. వరద అయితే కాలువ పరివాహక ప్రాంతమంతా, చెత్త అయితే లారీ ఒక పూటలో వెళ్లి తిరిగి రాగలిగినంత దూరం. ఆ పటం లోపల పడ్డవాళ్లందరినీ పిలవాలి, వాళ్లు స్థానిక సంస్థలు కాకపోయినా సరే. జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతంలో గనుల తవ్వకం వల్ల నేల కుంగిపోతుండటంతో భూగర్భ మురుగు పైపులు వేయడం కుదరలేదు. ఎంషర్ నదే మురుగు కాలువ అయింది. 1899లో అక్కడ ఏర్పడిన సహకార సంఘంలో పట్టణాలతో పాటు గనులు, పరిశ్రమలు కూడా సభ్యులే. నదిని ఎవరు ఎంత పాడు చేస్తున్నారో, ఎవరికి ఎంత మేలు జరుగుతోందో చూసి చందా వేశారు. గనులు మూతపడ్డాక 1992లో మొదలైన నది పునరుద్ధరణను నడిపించిందీ ఆ సంఘమే. 2021 చివరికి ఎంషర్‌లోకి మురుగు రావడం ఆగింది.

పటంతో పాటే ఎత్తుల లెక్క సరిచూడండి. పక్క ఊరి సర్వేయరు వేరే బెంచ్‌మార్క్ (ఎత్తులు కొలవడానికి ఆధారంగా తీసుకునే గుర్తు) నుంచి కొలిచి ఉంటే సరిహద్దు దగ్గర రెండు కాలువల అడుగు భాగాలు కలవవు. ఇది ఎంత పెద్దవాళ్లకైనా జరుగుతుంది. రైన్ నది మీద లాఫెన్‌బుర్గ్ దగ్గర జర్మనీ, స్విట్జర్లాండ్ కలిసి వంతెన కట్టినప్పుడు రెండు దేశాల సముద్రమట్టం లెక్కల్లో 27 సెంటీమీటర్ల తేడా ఉందని ముందే తెలుసు. సవరణ చేశారు, కానీ కూడాల్సిన చోట తీసివేశారు. 2003లో చూస్తే తేడా 54 సెంటీమీటర్లయింది. కాబట్టి అందరూ ఒకే బెంచ్‌మార్క్ వాడతామని ఒప్పందం అనుబంధంలో రాసి, దాని ఎత్తు అంకెల్లో వేయండి.

ఏ రూపం?

రూపాలు మూడు. మొదటిది సేవను కొనుక్కోవడం: ఒకరి దగ్గర యంత్రాలు, సిబ్బంది ఉన్నాయి, మిగతావాళ్లు డబ్బు కడతారు. కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్ 1954లో నగరంగా ఏర్పడినప్పుడు దాదాపు అన్ని సేవలనూ లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచే తీసుకుంది. తొందరగా తేలే మార్గమిది, కాకపోతే కొనేవాళ్లకు నిర్ణయాల్లో మాట తక్కువ. రెండోది ఉమ్మడి కమిటీ, ప్రణాళికకూ సమన్వయానికీ సరిపోతుంది. మూడోది సొంత బడ్జెట్ ఉన్న ప్రత్యేక సంస్థ. అప్పు తేవాలన్నా, భూమి కొనాలన్నా, ఇరవై ఏళ్లు యంత్రాలు నడపాలన్నా ఇదే కావాలి. కమిటీ పేరు మీద శుద్ధి కేంద్రం కడితే, పంపు కాలిపోయిన రోజున టెండరు ఎవరు పిలవాలో ఎవరికీ తెలియదు.

ఖర్చు పంపకం

జనాభాను బట్టి పంచుదామనేది అందరికీ తట్టే మొదటి ఆలోచన. లెక్క తేలికే, న్యాయం మాత్రం అరుదు. మురుగునీటి కేంద్రాన్నే తీసుకుందాం. సామర్థ్యం 20 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 2 కోట్ల లీటర్లు. అందులో పెద్ద ఊరు 12, మధ్య ఊరు 5, చిన్న ఊరు 3 ఎంఎల్‌డీ అడిగాయనుకోండి. నిర్మాణ ఖర్చు వాటాలు 60, 25, 15 శాతం. తీరా నడిపితే రోజుకు 14 ఎంఎల్‌డీయే వచ్చింది: 9.1, 2.8, 2.1. వాడకం వాటాలు 65, 20, 15 శాతం. ఏటా వచ్చే ఖర్చును ఏ వాటాతో పంచాలి?

రెండుగా విడదీయండి. జీతాలు, మరమ్మతులు, బీమా వంటి స్థిర ఖర్చు అడిగిన సామర్థ్యాన్ని బట్టి. కరెంటు, రసాయనాలు, బురద తరలింపు వాడకాన్ని బట్టి. మొత్తం ఖర్చును వాడకం మీదే వేస్తే ఒక ఊరు సొంతంగా చిన్న ప్లాంటు పెట్టుకోగానే దాని బిల్లు తగ్గుతుంది. జీతాలు మాత్రం తగ్గవు కదా, ఆ భారం మిగతా రెండింటి మీద పడుతుంది.

నీటి పరిమాణం ఒక్కటే చూసినా పొరపాటే. చిన్న ఊళ్లో ఫ్యాక్టరీలుండి దాని మురుగులో బీఓడీ (నీటిలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 600 మిల్లీగ్రాములు ఉంటే, 2.1 ఎంఎల్‌డీతో రోజుకు 1,260 కిలోల భారం వస్తుంది. మధ్య ఊరి నీటిలో 250 మిల్లీగ్రాములే ఉంటే 2.8 ఎంఎల్‌డీకి 700 కిలోలే. గాలి ఊదే యంత్రాలకయ్యే కరెంటు నీటి కంటే ఈ భారాన్ని బట్టే పెరుగుతుంది. కాబట్టి నమూనాలు ఎవరు, ఎన్ని రోజులకోసారి, ఏ ల్యాబులో పరీక్షిస్తారో రాసుకోవాలి.

సరిహద్దు దగ్గర ప్రతి ఊరికీ ఒక మీటరు తప్పదు. పీడనంతో నడిచే పైపుకు ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫ్లో మీటరు, తెరిచిన కాలువకు ఫ్లూమ్ (పారకం కొలవడానికి కాలువను ఇరుకు చేసే కట్టడం) కట్టి అల్ట్రాసోనిక్ మీటరు. ఏడాదికోసారి క్యాలిబ్రేషన్, అంటే మీటరు సరిగ్గా చూపుతోందో లేదో సరిచూసుకోవడం. మీటరు చెడిపోతే గత మూడు నెలల సగటు తీసుకుంటామని ముందే రాయకపోతే ప్రతి బిల్లూ తగాదాయే. వానాకాలంలో ఒక ఊరి అంకె ఉన్నట్టుండి పెరిగితే మీటరును అనుమానించే ముందు వాన నీరు దిగుతోందేమో మ్యాన్‌హోళ్లు చూడండి. వాన లేని రాత్రుల్లో కూడా, తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య, పారకం పెద్దగా తగ్గకపోతే భూగర్భజలం పైపుల్లోకి ఊరుతున్నట్టే లెక్క.

వరద కాలువకు సూత్రం వేరు. విస్తీర్ణాన్ని ప్రవాహ గుణకంతో, అంటే పడ్డ వానలో ఎంత వంతు పారిపోతుందో ఆ అంకెతో, హెచ్చించాలి. కాంక్రీటు నేలకు సుమారు 0.9, ఖాళీ నేలకు 0.2 అనుకుంటే, 100 హెక్టార్ల కాంక్రీటు 90 ఇస్తే 300 హెక్టార్ల ఖాళీ నేల 60 ఇస్తుంది. ఇక్కడొక చిక్కు: వరద నీటిని నిలిపే చెరువు తవ్వే స్థలం ఎగువ ఊరిది, మునగకుండా బయటపడేది దిగువ ఊరు. ఎగువ ఊరు స్థలం ఇస్తే ఆ స్థలం విలువను దాని వాటాలో జమ కట్టడమే గౌరవంగా ఉంటుంది. చెత్త యార్డు ఉన్న ఊరికి టన్నుకు ఇంత అని విడిగా చెల్లించడం కూడా అలాంటిదే.

ఓట్లు

ఊరికో ఓటు అంటే పెద్ద ఊరు ఒప్పుకోదు. జనాభాను బట్టి అంటే చిన్న ఊళ్లు రానే రావు. నడిచిన పద్ధతులు మధ్యేమార్గాలే. కెనడాలోని ఊళ్ల ఉమ్మడి సంస్థ మెట్రో వాంకూవర్‌లో ప్రతి 20,000 జనాభాకు ఒక ఓటు, కానీ ఒక ప్రతినిధికి ఐదు ఓట్లు మించవు. ఫ్రాన్స్‌లో సొంత పన్నులున్న ఊళ్ల ఉమ్మడి సంఘాల్లో ప్రతి ఊరికీ కనీసం ఒక స్థానం ఉంటుంది, ఏ ఒక్క ఊరికీ సగానికి మించి ఉండకూడదు. బడ్జెట్‌కు, కొత్త అప్పుకు, కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడానికి ఓట్లతో పాటు ఊళ్ల సంఖ్యలోనూ మెజారిటీ అడగండి.

తీర్మానం, తగాదా, విడిపోవడం

తీర్మానం అన్ని కౌన్సిళ్లలోనూ అక్షరం మారకుండా ఒకేలా ఉండాలి. ఒక కౌన్సిల్ "వాటా చెల్లించవలెను" అనే చోట "నిధుల లభ్యతను బట్టి" అని చేర్చినా చాలు, అప్పిచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారు. మారే అంకెలను అనుబంధాల్లో పెట్టండి, ఏటా తిరగరాసుకోవచ్చు.

తగాదా వస్తే 30 రోజులు అధికారుల స్థాయిలో, తర్వాత పాలకవర్గాల అధ్యక్షుల స్థాయిలో, చివరికి మధ్యవర్తి దగ్గర. ఈలోగా చెల్లింపు ఆగకూడదు. వివాదంలో ఉన్న మొత్తం విడి ఖాతాలో పడుతుంది.

విడిపోవాలంటే కనీసం రెండు బడ్జెట్ ఏళ్ల ముందు నోటీసు ఇవ్వాలి. అప్పులో తన వాటా తీరేదాకా కట్టాల్సిందే. వదిలిన సామర్థ్యాన్ని ముందుగా మిగతా ఊళ్లకే అమ్మజూపాలి. పంపులు, మోటార్లు పదిహేను ఇరవై ఏళ్లకు మార్చాల్సి వస్తాయి గనుక ఏటా ఒక నిధికి జమ చేయడం, వెళ్లేవాళ్లకు అది తిరిగి రాదని చెప్పడం ఈ భాగంలోనే రాసుకోవాలి.

సంతకాలకు ముందు గత ఏడాది అంకెలతో మూడు ఉత్తుత్తి బిల్లులు తయారు చేయండి: మామూలు ఏడాదికొకటి, భారీ వానల ఏడాదికొకటి, ఒక ఊరు విడిపోయిన ఏడాదికొకటి. ప్రతి ఊరి లెక్కల విభాగానికీ మూడూ పంపండి. వాటిలో ఏ ఒక్కటి చూసి ఎవరైనా మా బడ్జెట్‌కు ఇది అందదంటే, సంతకాల తేదీ వెనక్కి జరిపి మళ్లీ పంపకం సూత్రం దగ్గరికి రండి.