సౌర వికిరణం కొలిచే ముందు చూసుకోవాల్సినవి

- ముందు చోటు చూడండి. పైరనోమీటర్ (సౌర వికిరణం కొలిచే పరికరం) చుట్టూ ఉన్న చెట్లు, స్తంభాలు, గోడలు దిగంతం నుంచి 5 డిగ్రీల ఎత్తు మించకపోతే మంచిది. నీడ పడుతుందా లేదా అన్నది మధ్యాహ్నం చూస్తే తేలదు, ఉదయం, సాయంత్రం చూడాలి.

- రసమట్టంలో బుడగ సరిగ్గా వలయం మధ్యలో ఉండాలి. సోలార్ ప్యానెళ్ల వాలులో పెట్టే రెండో పరికరం ఉంటే, దాని వాలు, దిశ ప్యానెళ్లతో కలవాలి.

- గాజు డోమ్ మెత్తటి బట్టతో తుడవండి. పరికరం లోపలి తేమ పీల్చే సిలికా జెల్ రంగు మారి ఉంటే మార్చేయండి.

- అసలు పొరపాట్లన్నీ లాగర్ (రీడింగులు నమోదు చేసే పరికరం) దగ్గరే. పైరనోమీటర్ ఇచ్చేది మైక్రోవోల్టులు. క్యాలిబ్రేషన్ పత్రంలోని సెన్సిటివిటీతో (చదరపు మీటరుకు ఒక్క వాట్‌కు ఎన్ని మైక్రోవోల్టులు అన్న అంకె) భాగిస్తేనే చదరపు మీటరుకు ఎన్ని వాట్లో తెలుస్తుంది. ఆ అంకె 10 అయితే 8,000 మైక్రోవోల్టులకు 800 వాట్లు. పైరనోమీటర్ మార్చి ఈ అంకె మార్చకపోతే లెక్కంతా తప్పు, గ్రాఫ్ మాత్రం ముచ్చటగానే వస్తుంది! లాగర్ గడియారం స్థానిక సమయమా, యూటీసీనా (అంతర్జాతీయ ప్రామాణిక సమయమా) అన్నది కూడా రాసిపెట్టుకోండి.

- రాత్రిపూట థర్మోపైల్ (వేడి తేడాను వోల్టేజీగా మార్చే) రకం పైరనోమీటర్ సున్నాకు కాస్త దిగువన చూపితే కంగారు వద్దు, అది మామూలే. మేఘాల అంచుల వెలుగు తోడై కాసేపు 1,000 వాట్లు దాటినా ఆ రీడింగులు కొట్టేయకండి.

- ఒక్క ఏడాది కొలతతో పాతికేళ్ల విద్యుత్ ఉత్పత్తి అంచనా కట్టకండి. అదే ఏడాది ఉపగ్రహ డేటాతో పోల్చి, తేలిన తేడా మేరకు ఉపగ్రహాల దీర్ఘకాలిక డేటాను సరిచేసి వాడండి.