కొల్లేటి ఆరోగ్యాన్ని అంచనా వేయడం ఎలా

చిత్తడి నేల బాగోగులు చూడటానికి బయలుదేరినవారు సాధారణంగా పక్షుల లెక్కతో మొదలుపెడతారు. కొల్లేటి విషయంలో అది తప్పుదారి పట్టిస్తుంది. ఆటపాక దగ్గర గూడబాతులు, అంటే పెలికాన్లు, వేలల్లో కనిపించవచ్చు. కానీ వాటికి చుట్టుపక్కల చేపల చెరువుల్లోనూ మేత దొరుకుతుంది, గూళ్లు పెట్టుకోవడానికి ఇనుప స్టాండ్లూ ఉన్నాయి. కాబట్టి వాటి సంఖ్య పెరిగినంత మాత్రాన సరస్సు కోలుకుందని చెప్పలేం. ముందుగా చూడవలసింది నీటి దారి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులూ, ఎన్నో కాలువలూ, డ్రెయిన్లూ కొల్లేటిలోకి వస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన అయిదో కాంటూరు హద్దును, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీతను, పటం మీద గుర్తించి, వీలైనంత మేర ఆ హద్దు వెంట నడవండి. 2006లో ప్రభుత్వం కొట్టేసిన అక్రమ చేపల చెరువుల గట్లు మళ్లీ లేచాయా, రోడ్ల కింది తూములు నీటిని వదులుతున్నాయా, ఉప్పుటేరు మొదట్లో గుర్రపుడెక్క అడ్డుపడిందా అన్న మూడు విషయాలను ఫొటోలతో సహా రాసుకోవాలి. వరదను ఆపుకునే శక్తి వీటి మీదే ఆధారపడి ఉంటుంది. వంద చదరపు కిలోమీటర్ల మేర ఒక్క అడుగు నీరు నిలిస్తే ఒక టీఎంసీకి కొంచెం ఎక్కువే అవుతుంది. గట్లు కట్టి ఆ చోటును మూసేస్తే ఆ నీరంతా చుట్టుపక్కల పొలాల మీదా లంక గ్రామాల మీదా పడుతుంది.

నీటి నాణ్యతను పగటిపూట ఒక్కసారి పరీక్షించి సరిపెట్టుకోవద్దు. నాచు, మొక్కలు పగలు ప్రాణవాయువును విడుదల చేస్తాయి, రాత్రంతా వాడుకుంటాయి. అందువల్ల నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపల రైతులు ‘చేపలు తేలాయి’ అని కంగారుపడేది ఆ వేళకే. సూర్యోదయానికి ముందొకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు మరొకసారి అదే చోట కొలవాలి. మధ్యాహ్నం అంకె ఎంత ఎక్కువగా ఉన్నా ఉదయం అంకె లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపు ఉంటే అనుమానించాలి. రెండింటి మధ్య తేడా మరీ పెద్దదైతే నీటిలో ఎరువుల సారం, మురుగు ఎక్కువైనట్టు భావించవచ్చు. అయితే దట్టమైన జమ్ము మధ్య, గుర్రపుడెక్క కింద ప్రాణవాయువు మామూలుగానే తక్కువగా ఉంటుంది కనుక, తెరిపి నీటిలోనూ కొలిచి పోల్చాలి.

ఒడ్డున అరచేయి లోతు మట్టిని పెళ్లగించి విరిచి చూడండి. బూడిద రంగు మట్టిలో వేళ్ల వెంట తుప్పు రంగు చారలు ఉంటే, ఆ నేల కొన్నాళ్లు మునుగుతూ కొన్నాళ్లు ఆరుతూ ఉందని అర్థం. చిత్తడి నేలకు అది మంచి లక్షణమే. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వచ్చినంత మాత్రాన కంగారుపడనక్కర్లేదు. మట్టి నల్లగా జిగటగా ఉండి, నత్తలూ పురుగులూ ఏమీ కనిపించకపోతేనే ఆలోచించాలి. నత్తలు తగ్గితే వాటినే ప్రధానంగా తినే నత్తగుల్ల కొంగలూ తగ్గుతాయి. పక్షుల లెక్క అసలు ఉపయోగపడేది ఇక్కడే: మొత్తం ఎన్ని అని కాక, ఏ పక్షి ఏం తింటూ ఎక్కడ గూడు పెడుతోందో రాయాలి.

నీటిని వడగట్టే పనిని అంచనా వేయడానికి డ్రెయిన్లు కలిసే చోటా, ఉప్పుటేరు మొదట్లోనూ ఒకే రోజు నైట్రేటు, ఫాస్ఫేటు నమూనాలు తీసి, నీరు పారే వేగాన్నీ నమోదు చేయాలి, ఎందుకంటే ప్రవాహం తెలియని గాఢత సగం సమాచారమే. ఇక చేపల సంగతి వలవేసేవారిని అడగడమే మేలు. కొర్రమీను, వాలుగ ఏ నెలలో ఎంత పడుతున్నాయో వారు చెప్పేది నోటుపుస్తకంలో వారి మాటల్లోనే రాసుకోండి.

ఇవన్నీ కలిపి వందకు ఇన్ని మార్కులని వేసే అలవాటు నాకు నచ్చదు. పక్షులకు వచ్చిన మార్కులు మూసుకుపోయిన తూమును కప్పేస్తాయి. ఆరోగ్యానికి ఒక పట్టిక, వరద ఆపడం, నీరు వడగట్టడం, చేపల బతుకుతెరువు వంటి పనులకు వేరొక పట్టిక ఉంచి, వానల తర్వాత, జనవరిలో, మేలో అవే చోట్లకు వెళ్లి పూరించాలి. మే నెలలో మట్టం పడిపోయి సముద్రపు పోటు ఉప్పుటేరులోకి ఎక్కి వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఆ విడతలో ఉప్పదనం కొలిచే మీటరును వెంట తీసుకెళ్లాలి.